పేటను పైకి పెరగనీయండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈనాడు నరసరావుపేటలో ఆ రెండింటిలో పెళ్ళే సులువేమో అనిపిస్తోంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, మన పేట జిల్లా కేంద్రమయింది. కలెక్టరు కచేరీ వచ్చింది. దాని వెంట ఆఫీసులూ, ఉద్యోగులూ, వాళ్ళ సంసారాలూ వచ్చాయి. అందరికీ ఇళ్ళు కావాలి. కావలసిందే. కాని ఆ ఇళ్ళు ఎక్కడ కట్టాలి? ఈ ప్రశ్న గట్టిగా అడిగేవాళ్ళు కనపడటం లేదు.

వినుకొండ రోడ్డు పట్టుకుని పోయినా, సత్తెనపల్లి రోడ్డు పట్టుకుని పోయినా కనిపించేది రాళ్ళు పాతిన ప్లాట్లే. కొన్నవాళ్ళలో ఇల్లు కట్టేవాళ్ళు కొందరైతే, రేటు పెరిగితే అమ్ముకుందామని కూర్చున్నవాళ్ళు ఎక్కువ. అటు పంటా లేదు, ఇటు ఇల్లూ లేదు, మధ్యలో సర్కారు తుమ్మ మాత్రం ఏపుగా పెరుగుతోంది. ఊరి నడిబొడ్డున చూస్తేనేమో పాత పెంకుటిళ్ళు, ఒంటి అంతస్తు డాబాలు, తాళం వేసిన దొడ్లు!

పట్టణానికి మాస్టర్ ప్లాను అనే పటం ఉంటుంది. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం నుంచీ వస్తున్న పద్ధతి ఇది. పటంలో ఇళ్ళకు పసుపు రంగు, పొలాలకు ఆకుపచ్చ. ఆకుపచ్చను పసుపు చెయ్యమని అర్జీలు పెట్టేవాళ్ళకు కొదవ లేదు. ఉన్న పసుపులోనే ఇంకెన్ని కుటుంబాలు హాయిగా ఉండగలవో లెక్క వేసేవాళ్ళే కరువు.

ఆ లెక్క ఏమంత కష్టం కాదు. ఎకరం 4,840 గజాలు. రోడ్లకూ, ఖాళీ స్థలాలకూ నూటికి 40 వంతులు పోయాయనుకుందాం. మిగిలిన 2,904 గజాల్లో 200 గజాల ప్లాట్లు 14 పడతాయి. ఒంటి అంతస్తు ఇళ్ళయితే 14 కుటుంబాలు. అదే స్థలంలో అంతస్తుకో కుటుంబం చొప్పున మూడంతస్తులు వేస్తే 42. అంటే 420 కుటుంబాలకు మొదటి పద్ధతిలో 30 ఎకరాలు కావాలి, రెండో పద్ధతిలో 10 ఎకరాలు చాలు. మిగిలిన 20 ఎకరాల్లో మిరపో, పత్తో, వరో పండుతుంది.

ఆ నేల ఊరికే వచ్చింది కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాది రాయి పడితే, కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. పన్నెండేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న నీటిపారుదల భూమిని పన్నెండు నెలల్లో ప్లాట్లు చేస్తే మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తాం? పైగా నల్లరేగడి పత్తికి తల్లి లాంటిది గాని, ఇంటికి సవతి తల్లే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పునాది సరిగా వెయ్యకపోతే గోడలు బీటలు వారతాయి.

“రైతుబిడ్డవై ఉండి, రైతుకు నాలుగు డబ్బులొస్తే ఓర్వలేవా?” అని నన్నడగవచ్చు. అమ్ముకునే హక్కు రైతుకుంది, కాదనను. కాని పొలం ప్లాట్లయితే భూమిగలవాడికి రొక్కం ముడుతుంది. కౌలుదారుడికీ, మిరపకాయలు కోసే కూలికీ ఏం ముడుతుంది? వాళ్ళే రేపు పేటకొచ్చి అద్దె ఇల్లు వెతుక్కోవాలి.

ఇరుకు సందుల్లో మేడలు లేపితే మురుగెక్కడికి పోతుంది, నిప్పంటుకుంటే ఫైరింజను ఎట్లా వస్తుంది అని ఇంకొందరి వాదన. న్యాయమైన మాటే. అందుకే సందుల్లో ఆకాశహర్మ్యాలు కట్టమనడం లేదు. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం ఇంటి ఎత్తు స్థలం విస్తీర్ణాన్నీ, ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి ఉంటుంది. కనుక ముందు రోడ్డు వెడల్పు చెయ్యాలి. స్థలం వదిలినవారికి టి.డి.ఆర్. బాండ్లిచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. మురుగు కాలువ, మంచినీటి గొట్టం వేశాకే పై అంతస్తుకు అనుమతివ్వాలి. నాలుగు మైళ్ళ అవతలి ప్లాట్లకు గొట్టాలు లాగడం కంటే ఊళ్ళో ఉన్నవాటిని పెద్దవి చెయ్యడం చవక కాదా?

న్యూజిలాండులోని ఆక్లండు నగరం 2016లో తన నివాస భూమిలో సుమారు ముప్పాతిక భాగంలో ఎక్కువ ఇళ్ళు కట్టుకోనిచ్చింది. తర్వాతి ఆరేళ్ళలో అక్కడ ఇళ్ళ అనుమతులు రెండింతలయ్యాయి. ఆక్లండు పెద్ద నగరమే, పేటకు దానితో పోలిక లేదు. ఐనా అనుమతిస్తే కట్టుకునేవాళ్ళుంటారన్న సంగతి ఎక్కడైనా ఒకటే.

ఇక పేదల మాట. 2020 డిసెంబరులో పట్టణ పేదలకు తలా ఒక సెంటు స్థలం పట్టాలిచ్చారు. సెంటంటే 48 గజాల పైచిలుకు. అంతకుముందు టిడ్కో పేరిట 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళు అంతస్తుల మీద అంతస్తులుగా మొదలెట్టారు. రెండు పథకాల మంచిచెడ్డలు అలా ఉంచండి. కూలివాడికి ఇల్లెంత ముఖ్యమో, ఆ ఇల్లు పనికీ, బడికీ, ఆసుపత్రికీ దగ్గరగా ఉండటం అంత ముఖ్యం. ఊరికి దూరంగా పక్కా ఇల్లిచ్చి, రోజు కూలిలో కొంత ఆటోకు పెట్టిస్తే అది సగం సాయమే.

కాబట్టి నేను కోరేవి మూడు. పాత పేటలో రోడ్డు, నీరు, మురుగు చాలినచోట మూడు నాలుగంతస్తుల ఇళ్ళకు మాస్టర్ ప్లానులో చోటు చూపాలి. అందులో కొన్ని చిన్న ఇళ్ళు అద్దెకుండే బీదవాళ్ళకు అందేటట్లు ఉండాలి. ఊళ్ళో ఖాళీలు నిండేదాకా కాలువ కింది పొలం రంగు మార్చకూడదు.

సోదర విద్యార్థులారా! భూ వినియోగం మార్చేటప్పుడు అభ్యంతరాలు చెప్పమని ప్రకటన వేస్తారు. ఎవరూ చదవరు, గడువు అయిపోతుంది, పొలం పసుపైపోతుంది. చదువుకున్నవాళ్ళం మనమే గదా. ఇకమీదట ఆ ప్రకటన చదివి, పటం చూసి, ఊళ్ళో పెద్దవాళ్ళకు అర్థమయ్యేటట్లు చెప్పి, గడువులోపల ఒక్క కాగితం రాసి ఇద్దాం.