అంతర్జాతీయం సరే, మన సంగతేంటి?

జర్మనీ డాక్టర్ల పత్రిక డాయిచెస్ ఎర్ట్సెబ్లాట్ 2008లో ఇంగ్లీషు ఎడిషన్ మొదలెట్టింది. "చూశారా, చివరికి ఇంగ్లీషే దిక్కు" అంటారు మనవాళ్ళు. కానీ వాళ్ళు జర్మన్ ఎడిషన్ ఆపలేదు కదండీ!

మన వైద్య పరిశోధన పుట్టుకతోనే 'అంతర్జాతీయం'. మా ఏ.ఎస్. రావు నగర్ నుంచి బేగంపేట ఎంత దూరమని? 1897లో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు దోమలో పట్టుకున్నది అక్కడే. దోమకి అణా చొప్పున పుచ్చుకుని కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్. పేపరేమో లండన్లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్లో. 1913లో మొదలైన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ కూడా ఇంగ్లీషే. కుట్టించుకునేది మనం, చదువుకునేది వాళ్ళు!

ఇంగ్లీషు వద్దనట్లేదు. పేపరుకో పేజీ తెలుగు సారాంశం వెయ్యడానికేం రోగం? జపాన్ క్లయింటుకి రాత్రింబవళ్ళు కూర్చుని జపనీస్ స్క్రీన్లు చేసిస్తాం. ఇక్కడ డెంగీ వస్తే మాత్రం మా అమ్మ చదవగలిగేది వాట్సాప్‌లో బొప్పాయాకు రసం గురించే.