గుడికి లెక్కుంది, గద్దెకు లేదు

నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. సాగర్ నీళ్ళు ముంచకముందే ఇక్ష్వాకుల నాటి కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్ళీ కట్టిన్రు. శ్రీశైలం ముంపులో పోయే కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో నిలబెట్టిన్రు. మంచి పనే. ఎవరు కాదంటారు?

మరి పోలవరం కింద మునిగే కోయగూడేల ముత్యాలమ్మ గద్దెలను ఎవరు లెక్కగట్టిన్రు? రుద్రమకోటలో ఎన్నడో చచ్చిపోయినవాళ్ళ రాతి సమాధులను తవ్వి చూసేందుకు పురావస్తు శాఖ వచ్చింది. బతికున్న కోయలు తమ పెద్దల పేరు మీద నిలబెట్టుకున్న రాళ్ళ సంగతి అడిగేందుకు ఏ శాఖ వచ్చింది?

ఇందులో మతలబు చట్టంలోనే ఉంది. పురాతన కట్టడాల చట్టం 1958లో వచ్చింది. 2010 సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణం నిషేధం. ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలె. కానీ ఇదంతా జాబితాకెక్కిన కట్టడానికే. చెట్టు కింది గద్దె, వేల్పుల గుట్ట, కొలుపుల జాగ ఆ జాబితాలో ఉండవు. కాగితంలో లేనిది ఇంజనీరు నక్షాలో కనబడదు. నక్షాలో లేనిది మునిగినా లెక్కలోకి రాదు.

అట్లని ఆదివాసులకు చట్టమే లేదా? ఉన్నది. 1996 పెసా చట్టం సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం దానికి బలం తోడు చేసింది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే ముందస్తు సమ్మతి ఉండాలన్నది. పెసా, అటవీ హక్కుల చట్టాలు ఎంత పనిచేస్తాయో నియమగిరి చూపింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కొండ మీద డోంగ్రియా కోందుల మతపరమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలన్నది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నయి. పన్నెండుకు పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నయి. గని ఆగింది.

పోలవరం దగ్గర అట్లా జరగలేదు. 2005లో పర్యావరణ అనుమతి ఇచ్చిన్రు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదని 2007లో అప్పిలేట్ అథారిటీ దాన్ని కొట్టేసింది. హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. పని సాగింది. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు కూడా ఆ ఊళ్ళ గ్రామసభల సమ్మతి తీసుకోలేదు. టెండర్లు పిలిచి, కాంక్రీటు పోసినంక అడిగేదాన్ని సంప్రదింపు అనరు. అది సంతకాల సేకరణ.

కాబట్టి అధికారి జీపు దిగకముందే ఊరు తయారుగ ఉండాలె. అటవీ హక్కుల నిబంధనలు పూజా స్థలాలను, శ్మశానాలను, పాత బావులను సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. దరఖాస్తు పెట్టినవారు కాక వేరే పెద్దలు చెప్పింది రాసి పెట్టినా చెల్లుతుంది. ఒక్క సాక్ష్యం చాలదు, ఒకటికంటె ఎక్కువ కావాలె. సభలో సగం మంది సభ్యులుండాలె, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్ళుండాలె. పర్యావరణ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలె, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలె. తీర్మానాన్ని కోయగూడెంలో కోయ భాషలో చదివి వినిపించినంకనే వేలిముద్రలు పెట్టాలె. పటం గీయాలె. ఒక నకలు ఊరి దగ్గరే ఉండాలె. అయితే బయటివాళ్ళకు చెప్పకూడని జాగలుంటాయి. ఏది రాయాలో, ఏది దాచాలో ఊరే తేల్చుకోవాలె.

ప్రాజెక్టులు వద్దంటున్నరా అని కొందరు అడుగుతరు. నీళ్ళెవరికి చేదు? నక్షా పెన్సిలుతో ఉన్నప్పుడు అడిగితే కాలువను కొంచెం పక్కకు జరపవచ్చు, కట్ట ఎత్తు తగ్గించవచ్చు. కట్టినంక అడిగితే మిగిలేది నష్టపరిహారం బేరమే. గద్దెకు వెల కట్టే తాసిల్దారు ఎక్కడున్నడు?

ఒక మాట మనకు మనం చెప్పుకోవాలె. మనల్ని అడగకుండ మన నీళ్ళు మళ్ళించిన్రనే కదా ఇన్నేండ్లు కొట్లాడినం! ఆ న్యాయం హైదరాబాదుకొకటి, గూడెానికొకటి ఉండదు. పరాయి పాలన కట్టినా, మన పాలన కట్టినా ముంపు నీళ్ళకు తేడా తెల్వదు. సొంత రాష్ట్రంలో ఏ ప్రాజెక్టు నక్షా గీసినా మొదటి ప్రశ్న గ్రామసభకే పోవాలె.

విద్యార్థులారా, సెలవుల్లో గూడేలకు పోండి, పెద్దలు చెప్పింది రాసుకోండి. రెవెన్యూ, అటవీ, ఇంజనీరింగ్ శాఖల్లో పనిచేసే ఉద్యోగ మిత్రులారా, ఫైలు మీద సంతకం పెట్టేముందు గ్రామసభ తీర్మానం ఉన్నదా అని అడగండి. లేకుంటే ఆ ఫైలు వెనక్కి పంపండి.