కోళ్ళ రోగము కోళ్ళతో ఆగునా?

కోళ్ళకు రోగము వచ్చినచో పశువైద్యులు చూచుకొందురు, పొలము దున్నుకొను మనకేల యని పెక్కుమంది రైతు సోదరులు అనుకొందురు. పంచాయతి కార్యదర్శులలో కొందరికిని ఇదే అభిప్రాయము కలదు. వ్యవసాయశాఖలో పనిచేయు నేను బర్డ్ ఫ్లూను గురించి వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని ఇబ్రహీంపట్నము ప్రాంతపు చెలకలలో వేయు ఎరువులో కొంత భాగము కోళ్ళ షెడ్ల నుండియే వచ్చుచున్నది. ఆ ఎరువు వేయుడని చెప్పునది మేమే. దానితో పాటు మరేమి రాగలదో చెప్పుటయు మా బాధ్యతయే.

ఈ రోగము మన దేశమున తొలిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నందుర్బారు జిల్లా నవాపూరులో బయటపడినది. 2015 ఏప్రిల్‌లో మన రంగారెడ్డి జిల్లాలోనే, అప్పటి హయత్‌నగర్ మండలములోని తొర్రూరులో కనబడినది. సరిగా పది సంవత్సరములకు, 2025 ఏప్రిల్‌లో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలములోని కోళ్ళ ఫారమున మరల తలయెత్తినది. దానికి రెండు నెలల ముందే తణుకు మండలము వేల్పూరులోను, పెరవలి మండలము కానూరులోను కోళ్ళు కుప్పలుగా చచ్చుటయు, భోపాలులోని జాతీయ ప్రయోగశాల అది హెచ్5ఎన్1 అని తేల్చుటయు పత్రికలు చదువు వారందరికి తెలిసినదే.

ఇది శీతకాలపు రోగమని, వలస పక్షులు తెచ్చునని వినుచుందుము. అది అబద్ధము కాదు. అడవి బాతులు, నీటి పక్షులు ఈ జాతి వైరసులకు పుట్టినిల్లు. పెక్కు బాతులు రోగలక్షణ మేదియు లేకయే వైరసును ప్రేగులలో మోయుచు, రెట్టతో చెరువు నీటిలో వదలును. అయినను మన ప్రాంతమున రెండుసార్లును బయటపడినది ఏప్రిల్‌లో. అప్పటికి వలస పక్షులలో అధికభాగము ఉత్తరదిక్కునకు తిరుగుముఖము పట్టియుండును. కావున ఆకాశము వైపే చూచుచు కూర్చుండుటకంటె షెడ్డు గుమ్మము వైపు చూచుట మేలని నా అభిప్రాయము. దాణా లారీ, గ్రుడ్ల అట్టలు, కోళ్ళ బోనులు, ఒక షెడ్డు నుండి మరియొక షెడ్డునకు అవే చెప్పులతో పోవు కూలీ, ఎరువు ట్రాక్టరు, ఇవి ఏ ఋతువునందును ఆగునవి కావు.

ఇక ఒక జంతువు నుండి మరియొక జంతువునకు ఇది ఎట్లు పోవును? వైరసు ఒంటిపై ముళ్ళవంటి మాంసకృత్తులు రెండు రకములు కలవు. హెచ్ అనునది తాళపుచెవి వంటిది. ఎన్ అనునది కణములో పెరిగిన క్రొత్త వైరసులను విడిపించు కత్తెర వంటిది. హెచ్5ఎన్1 అను పేరిలోని అక్షరములకు అర్థ మిదియే. తాళపుచెవి పట్టవలెనన్న కణముపై తగిన తాళము ఉండవలెను. సయాలిక్ ఆమ్లము అను చక్కెర పదార్థమే ఆ తాళము. పక్షుల ప్రేగులలోను శ్వాసనాళములోను ఉన్నది ఒక విధము. మనుష్యుని ముక్కు, గొంతులలో మరియొక విధమైనది ఎక్కువ. అందుచేతనే కోళ్ళ మధ్య పనిచేయు వారిలో బహు కొద్దిమందికే ఇది సోకుచున్నది. కాని పక్షి తాళములు మన ఊపిరితిత్తుల లోతులలోను, కంటి పొరలోను కలవు. రోగపు కోడిని కోయునపుడు, ఈకలు పెరుకునపుడు లేచిన తుంపరలు ఊపిరితిత్తుల లోతునకు చేరినచో జబ్బు తీవ్రమగును. 1997లో హాంకాంగులో 18 మందికి సోకగా ఆరుగురు మరణించిరి. మనిషి నుండి మనిషికి నిలుకడగా వ్యాపించు శక్తి మాత్రము దీనికి ఇంతవరకు రాలేదు.

పందిలో రెండు విధముల తాళములును కలవు. ఈ వైరసు జన్యుపదార్థము 8 ముక్కలుగా నుండును. ఒకే పందిలో కోడి వైరసు, మనుష్య వైరసు ఒకేసారి చేరినచో ముక్కలు కలగలిసి మూడవ రకము పుట్టవచ్చును. ఇది ఊహ కాదు. 2009లో ప్రపంచమును చుట్టిన స్వైన్ ఫ్లూ వైరసులో పందుల, పక్షుల, మనుష్యుల వైరసుల ముక్కలు కలిసియున్నవి. మన దేశమున దాని మొదటి రోగిని గుర్తించినది 2009 మే నెలలో, హైదరాబాదుననే. ఊరి వెలుపల పెంటకుప్పలపై తిరుగు పందులను చూచినపుడెల్ల నాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును.

ఇటీవల దీని నడక ఇంకను మారినది. 2023లో పెరూ, చిలీ దేశముల తీరమున సముద్ర సింహములు వేలకొలదిగా చచ్చినవి. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవులకు సోకినదని తెలిసినపుడు శాస్త్రజ్ఞులే ఆశ్చర్యపడిరి. ఆవు పొదుగులో పక్షి తాళములు కలవని తరువాత తేలినది. పాలలో వైరసు విస్తారముగా వచ్చినది, ఆ పచ్చిపాలు త్రాగిన పిల్లులు చచ్చినవి. పాలు కాచి త్రాగు మన పెద్దల అలవాటును పాతకాలపు చాదస్తమనువారు దీనిని గమనింతురుగాక. దూరదేశముల మాట అట్లుండనిండు. 2024 డిసెంబరులో నాగపూరు వద్ద గోరెవాడ రక్షణ కేంద్రమున మూడు పెద్దపులులు, ఒక చిరుత ఈ రోగముచే చనిపోయినవి. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేండ్ల బాలిక మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రిలో మరణించినది. ఆమె పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని పత్రికలలో వచ్చినది.

ఇక ఎరువు మాట. కోళ్ళ ఎరువులో నత్రజని, భాస్వరము పశువుల ఎరువులో కంటె హెచ్చు. దాని వాడుకను నేను కాదనుట లేదు. పచ్చి ఎరువును షెడ్డు నుండి తీసి నేరుగా ట్రాక్టరుపై వేసి, దారి పొడవున రాల్చుచు ఊరి మధ్యగా చెలకకు తోలుటను మాత్రము కాదనుచున్నాను. రెట్టలో ఈ వైరసు 4 డిగ్రీల చలిలో 35 దినములు, 37 డిగ్రీల వేడిలో 6 దినములు బ్రతికినట్లు పరిశోధనలు తెలిపినవి. ఎరువు తోలుటకు అరపూట చాలును గదా! అందుచే షెడ్డు ఆవరణలోనే కుప్పవేసి, తగినంత తడిపి, పాలిథీను పట్టాతో గాని మట్టిపూతతో గాని కప్పి మాగనీయవలెను. కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలు దాటినచో వైరసు నిలువదు. అంచులందు వేడి తక్కువ కనుక ఒకసారి తిరుగవేసి మరల కప్పవలెను. మాగిన ఎరువు పైరు వేళ్ళను కాల్చదు, ఇది రైతుకు అదనపు లాభము. రోగము పొడసూపిన షెడ్డు ఎరువు మాత్రము ఎట్టి పరిస్థితిలోను పొలమునకు రాకూడదు. పచ్చి కోళ్ళ ఎరువు తమ ఊరి దారిన పోరాదని ప్రతి పంచాయతియు తీర్మానము చేసికొన్నచో బాగుండును. ఇందుకు ఖర్చు లేదు.

చచ్చిన కోళ్ళ విషయమున మన వాడుక మరియు అన్యాయము. గోతాములో కట్టి కుంట గట్టుననో, అలుగు క్రిందనో పారవేయుదురు. 2025లో గోదావరి జిల్లాలలో కాలువలలో వేసినట్లును వార్తలు వచ్చినవి. కుక్క, పిల్లి, పంది, కాకి, ఇన్నింటికి మనమే వడ్డించుచున్నాము. కొక్కెర తెగులేలే అని సరిపెట్టుకొనుట మరియొక దురభ్యాసము. తురాయి నీలిరంగు తిరుగుట, ముఖము వాచుట, కాళ్ళపై ఎర్రని మచ్చలు, గుడ్లు హఠాత్తుగా తగ్గుట, ఒకటి రెండు దినములలో కుప్పలుగా చచ్చుట కనబడినచో అది ఏ తెగులని తేల్చవలసినది ప్రయోగశాలయే గాని మనము కాదు. చచ్చిన కోడిని ముట్టక, వెంటనే పశువైద్యాధికారికి తెలుపవలెను.

తెలుపుటకు జంకు ఎందుకో నాకు తెలియకపోలేదు. రోగము ధ్రువపడినచో ఒక కిలోమీటరు లోపలి కోళ్ళన్నింటిని చంపివేయుదురు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉండును. పరిహారము ఇచ్చునది అధికారులు చంపించిన కోళ్ళకే గాని అంతకుముందే చచ్చిన వానికి కాదు. అనగా తొందరగా తెలిపిన వానికి లాభము, దాచిన వానికి నష్టము. కాని పది నాటుకోళ్ళు పెంచుకొను ముసలమ్మకు ఈ లెక్క ఎవరు చెప్పిరి? అధికారులు వచ్చినచో కోళ్ళు పోవుననియే ఆమెకు తెలిసినది. ఆమె పరిహారము గ్రామములోనే, కోళ్ళను తీసికొన్న దినముననే ఆమెకు ముట్టవలెనని నా గట్టి అభిప్రాయము. కాగితములు నెలల తరబడి తిరిగినచో రెండవసారి ఆ ఊరు నోరు విప్పదు. ఆ వరకు గ్రామాధికారులు చేయగల పని యొకటి కలదు: ఏ యింట ఎన్ని కోళ్ళు కలవో ముందుగనే ఒక పట్టీ వ్రాసి యుంచుట.

చెరువుగట్టు మీది చెట్లు కొట్టి పక్షులను తోలవలెనని కొందరు సలహా యిచ్చుచున్నారు. ఇది తెలివిమాలిన పని. బెదిరిన పక్షి ప్రక్క చెరువునకు పోవును, వైరసునుకూడ మోసికొని పోవును.

కోడి, గ్రుడ్డు తినుట మానవలెనా యని అడుగువారికి నా జవాబు: అక్కరలేదు. అన్ని వైపుల 70 డిగ్రీల వేడి తగులునట్లు ఉడికిన కూరలో వైరసు బ్రతుకదు. మన కూర అంతకంటె హెచ్చుగానే ఉడుకును. అపాయమంతయు పొయ్యికి ముందే యున్నది. కోసిన కత్తితోనే టమాటాలు తరుగరాదు, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను, కోయునంత సేపు చిన్నపిల్లలను ఆ దరికి రానీయకూడదు.