సందు చుక్కల లెక్క

నాచారంలోని ఒక పాఠశాలలో ఏడవ తరగతి చదువుతున్న మా మేనకోడలికి మొన్న డిసెంబరులో గణితం ప్రాజెక్టు ఒకటి ఇచ్చారు. పేరు 'హాలిడే టెసలేషన్ ఆర్ట్'. టెసలేషన్ అనగా గచ్చుమీద పలకలు పరచినట్లు, సందు మిగలకుండా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా ఆకారాలతో తలమంతా నింపడం. పండుగ వాతావరణం ఉట్టిపడాలని షరతు. నమూనా కాగితంలో క్రిస్మస్ చెట్టు, మంచుమనిషి. ఉప్పల్ రింగురోడ్డు మీద మంచుమనిషిని నిలబెడితే వాడి గతి ఏమవుతుందో గీసినవారికి తెలియదు పాపం!

క్రిస్మస్ మీద నాకే కోపమూ లేదు. మా వీధిలో నక్షత్రం వేలాడే ఇంటి ముందూ ముగ్గు ఉంటుంది. నా కోపమంతా గణితం పేరిట సాగిన గణితలేమి మీద. జిరాక్సు తీయించిన చెట్టును అట్టపై అంటించి, కత్తిరించి, వరుసగా గీసి, రంగులద్దాలి. చెట్ల నడుమ మిగిలిన సందుల్లో మెరుపుపొడి చల్లమన్నారట. ఆ సందు కూడా ఒక ఆకారమే కదా, దాని కోణాలెన్ని అని అడిగిన నాథుడు లేడు.

క్రమ పంచభుజి కోణం 108 డిగ్రీలు. మూడు కలిస్తే 324, నాలుగైతే 432. 360 రానే రాదు. షడ్భుజిది 120, మూడు చేరితే సరిగ్గా సరిపోతుంది. కనుకనే క్రమ బహుభుజులలో త్రిభుజం, చతురస్రం, షడ్భుజి మాత్రమే ఒంటరిగా తలాన్ని నింపగలవు. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు. రంగులకు రెండు ఆదివారాలు!

విసిగిన పిల్ల వాకిట్లో ముగ్గు వేస్తున్న మా అమ్మ దగ్గర చేరింది. ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క. మధ్యన 7, అటూ ఇటూ 6, 5, 4, వెరసి 37. కలిపితే త్రిభుజాలు, ఆరు త్రిభుజాలకొక షడ్భుజి.

"అమ్మమ్మా, ఐదు రేకుల పువ్వు రాదా?"

"చుక్కల్లో కుదరదే. సందు చుక్కకు ఆరు వస్తాయి. ఎదురు చుక్కకు నాలుగు, ఎనిమిది వస్తాయి. ఆ ఎనిమిదిలోనూ నాలుగు పొడుగు, నాలుగు పొట్టి. ఐదు కావాలంటే చుక్కలు మానేసి చేత్తో తిప్పుకోవాలి."

నేను నిర్ఘాంతపోయాను. స్ఫటిక శాస్త్రం చెప్పేదీ ఇదే: క్రమంగా పునరావృతమయ్యే బిందుజాలానికి ఐదింతల భ్రమణ సౌష్ఠవం ఉండదు. 1982లో డాన్ షెక్ట్‌మన్ ఒక మిశ్రలోహంలో అటువంటి నిషిద్ధ సౌష్ఠవాన్ని చూశానంటే తోటి శాస్త్రజ్ఞులే నమ్మలేదు. 2011లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అన్నీ మన పూర్వులే కనిపెట్టారనే బాపతు కాదు నేను. మా అమ్మ దేనినీ నిరూపించలేదు. నిరూపణ తరగతి గది పని. నిజానికి ముగ్గులు చాలావరకు టెసలేషన్లూ కావు, నడుమ మొదలై అంచున ఆగిపోతాయి. వాటి అడుగునున్న చుక్కల అమరికలోనే అసలు కీలకమంతా ఉంది. 1974లోనే మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ తమిళ కోలాలను గణిత వ్యాకరణంతో వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట నాచారం చేరలేదు.

పిల్ల షడ్భుజులు పేర్చి, వాటిలో గాలిపటాలు గీసి ఇచ్చింది. 'థీమ్ పాటించలేదు' అని ఎర్రసిరాతో తిరిగి వచ్చింది. సంక్రాంతికి సెలవులివ్వరా అయ్యా మీరు?

జనవరిలో అదే బడి ముగ్గుల పోటీ ప్రకటించింది: 'తల్లులకు, బాలికలకు మాత్రమే'. మార్కులు రంగులకట. లెక్కల గదిలో ముగ్గుకు చోటు లేదు, ముగ్గుల పోటీలో లెక్కకు చోటు లేదు, మగపిల్లలకు అసలే లేదు. ఇంతకాలం చుక్క తప్పకుండా పెట్టిన ఆడవారిని 'లెక్కలు రానివారు' అన్నది ఈ చదువే.

పోటీకి పనికిరాని మా మేనల్లుడు, ఆ పిల్ల తమ్ముడే, 15 నుండి 8 వరకు సందు చుక్క పెట్టి లెక్కించాడు: 169. "పదమూడు పదమూళ్ళు! అన్నిటికీ ఇలాగే వస్తుందా మామయ్యా?" నేను చెప్పలేదు. 9, 11, 13 పెట్టి చూశాడు, రాలేదు. 17 చుక్కలకు మా వాకిలి చాలక ఎదురింటివారిని అడుగుతున్నాడు.