‘తిన్నావా బేటా?’

ఆదోనిలో రాత్రి తొమ్మిదిన్నర అయ్యిందంటే కొన్ని ఇళ్లలో టీవీ గొంతు తగ్గిపోతుంది. వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చే వేళ అది. అప్పుడు బిష్కెక్‌లో రాత్రి పది, ఎండాకాలమైతే షికాగోలో ఉదయం పదకొండు. ఫోను చెంబుకు ఆనించి అమ్మీ ముందు కూర్చుంటుంది. వెనకాల అబ్బా, పక్కన దాదీ. ఏ ఇంట్లోనైనా మొదటి ప్రశ్న ఒకటే: ‘తిన్నావా బేటా?’ జవాబూ ఒకటే: ‘తిన్నా అమ్మీ.’

ఆ జవాబు అన్నిసార్లూ నిజం కాదు.

రాయలసీమ ముస్లిం ఇళ్లలో ఒకప్పుడు ‘బయటి దేశం’ అంటే గల్ఫ్. వెళ్లేవాడు సంపాదనకు వెళ్లేవాడు. కష్టమో నిష్ఠూరమో, నెలకింత అని ఇంటికి పంపేవాడు. ఇప్పుడు పద్దెనిమిదేళ్లవాడు ఎంబీబీఎస్‌కో, ఇరవై రెండేళ్లవాడు ఎమ్మెస్‌కో వెళ్తున్నాడు. ఇతను పంపేవాడు కాదు, పంపించుకునేవాడు. పత్తి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే అబ్బా ప్లాటు అమ్మాడని, ఎమ్మిగనూరులో బట్టల కొట్టు ఉన్న మామూ హామీ సంతకం పెట్టాడని, అక్క పెళ్లికి దాచిన బంగారం కుదువకు వెళ్లిందని అతనికి తెలుసు. తెలుసు కాబట్టే జ్వరం వచ్చినా చెప్పడు, పరీక్ష పోయినా చెప్పడు, రూమ్మేటుతో పేచీ వచ్చి సోఫా మీద పడుకుంటున్నా చెప్పడు. పిల్లవాడికి ఆపద వచ్చే ముందు సాధారణంగా వచ్చేది ఈ మౌనమే.

లెక్క పెద్దదే. 2024 జులైలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు చెప్పిన ప్రకారం అంతకు ముందు ఐదేళ్లలో 41 దేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారు. కెనడాలో 172, అమెరికాలో 108. ఇందులో దాడుల వల్ల పోయినవారు 19 మంది. మిగతా వాళ్లంతా ప్రమాదాలు, జబ్బులు, ఇతర కారణాలతో పోయారు. ఇంట్లోవాళ్ల భయమంతా ఆ 19 మీదే ఉంటుంది. ఎవరో తుపాకీతో కాల్చేస్తారేమోనని అమ్మీ నిద్రపోదు. రాత్రి షిఫ్టు పని చేసి, నిద్రమత్తులో కారు నడుపుతూ వస్తున్నాడేమో అన్న అనుమానం ఆమెకు రాదు.

‘అక్కడంతా మనవాళ్లే’

మెడిసిన్‌కు దేశం ఎంచుకునేటప్పుడు ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాలు తరచూ చూసేవి రెండు: ఫీజు, తిండి. కిర్గిజిస్థాన్, ఉజ్బెకిస్థాన్ లాంటి చోట్ల రెండూ కుదురుతాయి. హలాల్ గురించి వెతుక్కోనక్కర్లేదు, జుమాకు మసీదుంది. ఏజెంటు కూడా ఆ మాటే ముందు చెబుతాడు: ‘అక్కడంతా మనవాళ్లే భాయ్, ఫికర్ వద్దు.’

2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో ఏం జరిగిందో ఆ ఏజెంటు చెప్పడు. అంతకు కొన్ని రోజుల ముందు స్థానికులకు, విదేశీ విద్యార్థులకు మధ్య జరిగిన కొట్లాట వీడియో ఊరంతా తిరిగింది. దాంతో గుంపులు గుంపులుగా జనం విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డారు. దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది పాకిస్థానీలు. భారత విద్యార్థులు గదులకు గడియలు పెట్టుకుని, లైట్లు ఆర్పి కూర్చున్నారు. బయటికి రావద్దని మన రాయబార కార్యాలయం హెచ్చరించింది. కొట్టినవాళ్ల దేశం ముస్లిం దేశమే, తిన్నవాళ్లలో ముస్లింలే ఎక్కువ. గుంపు నమాజు లెక్క చూడదు. ‘బయటివాడు’ అన్న ఒక్కటే చూస్తుంది.

మరో మాట ఏజెంటు మింగేసేది చదువు గురించే. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో ఎంబీబీఎస్ చేసేవారి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిషులో బోధించాలి, అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. మళ్లీ ఇక్కడికొచ్చాక అర్హత పరీక్ష గట్టెక్కి, మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ అర్హత పరీక్షలో ఇటీవలి కొన్ని విడతల్లో గట్టెక్కినవారు దాదాపు ఐదుగురిలో ఒక్కరు. ఆ లెక్క పక్కన పెట్టి ‘హలాల్ మెస్ ఉందా?’ అని మాత్రమే అడిగి డబ్బు కట్టిన కుటుంబం ఆరేళ్ల తర్వాత అడగాల్సినవి చాలా మిగులుతాయి.

అమెరికా సంగతి వేరు. అక్కడ తెలుగు పిల్లలకు తగిలిన పెద్ద దెబ్బలు రెండూ కాగితాల దగ్గరే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూయించినప్పుడు దాదాపు 1,500 మంది విద్యార్థులు రోడ్డున పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది నాటి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి బయటపడింది. దాన్ని నడిపింది అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులే, దొంగల్ని పట్టడానికి వేసిన వల అది. 129 మంది భారతీయులు అందులో చిక్కారు, ఎక్కువమంది తెలుగువాళ్లు. హాజరు లేకుండా చదువు, మొదటి రోజు నుంచే ఉద్యోగం అని ఎవరైనా చెబితే అనుమానించాల్సింది అప్పుడే. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవారి సోషల్ మీడియా ఖాతాలనూ తెరిచి చూస్తున్నారు. పేరు చూసి ప్రశ్నలు పెరుగుతాయేమో అని కలవరపడే ముస్లిం కుర్రాడికి ఇది ఇంకో గుబులు. కాగితాల్లో ఏ తేడా వచ్చినా రూమ్మేటునో, దూరపు చుట్టాన్నో కాదు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఉండే అధికారిని అడగాలి. ఆ పని కోసమే ఆయనకు జీతం.

రంజాన్ వచ్చినప్పుడు

ఒంటరితనం ఎక్కువగా కొరికేది రంజాన్ నెలలో. ఆదోనిలో సహరీ వేళకు మైకులో పిలుపు వస్తుంది, ఇఫ్తార్‌కు వీధంతా సమోసా వాసన. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామా మసీదు దగ్గర అడుగు పెట్టడానికి చోటుండదు. అక్కడేమో ఫోన్ అలారానికి లేచి, బ్రెడ్డు ముక్క తిని, క్లాసుకు వెళ్లాలి. పండగ రోజు కూడా ల్యాబ్ ఉంటుంది.

దీనికి విరుగుడు చాలా ఏళ్ల కిందటే పుట్టింది. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీలో 1963లో ముస్లిం విద్యార్థుల సంఘం మొదలైంది. బ్రిటన్‌లో విద్యార్థి ఇస్లామిక్ సంఘాల సమాఖ్యదీ అదే సంవత్సరం. ఇంకా వెనక్కి వెళితే, లండన్ దగ్గర వోకింగ్‌లో 1889లో కట్టిన షాజహాన్ మసీదు ఉంది. భోపాల్ బేగం ఇచ్చిన డబ్బుతో లైట్‌నర్ అనే పండితుడు కట్టించాడు. తన విద్యాసంస్థకు తూర్పు దేశాల నుంచి వచ్చే విద్యార్థులకు నమాజుకు చోటు కావాలన్నది ఆయన ఆలోచన. ఇప్పుడు చాలా క్యాంపసుల్లో ముస్లిం విద్యార్థుల సంఘం ఉంటుంది, రంజాన్‌లో ఇఫ్తార్లు పెడుతుంది. సీటు వచ్చిన రోజే దాని నంబరు వెతికి పెట్టుకోవడం మంచిది.

అయితే అక్కడితో ఆగిపోయినా నష్టమే. ఆదోని కుర్రాడికి ఒక అదృష్టం ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సరిహద్దు ఊరు కాబట్టి కాస్త కన్నడం. మూడు గుంపుల్లో కలిసిపోగలడు. తెలుగు సంఘాలు ఎవరి మతం ఏమిటని అడగకుండా ఆదుకున్న సందర్భాలు ఎన్నో. అమెరికాలో తానాకు ఆపదలో ఆదుకోవడానికి టీమ్ స్క్వేర్ అని ప్రత్యేకంగా ఒక బృందం ఉంది. ఉర్దూ మాట్లాడేవాడిని, తెలుగు సంఘానికి ఎలా వెళ్తానని మొహమాటపడే పిల్లలు ఉంటారు. ఆ మొహమాటం ఇంట్లోనే పోగొట్టి పంపాలి.

డబ్బు సంగతి త్వరగా చెప్పుకుంటే మేలు, ఎందుకంటే చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు రుణానికి వడ్డీ కట్టే కేంద్ర పథకం ‘పఢో పరదేశ్’ 2022-23 నుంచి ఆగిపోయింది. రాష్ట్రంలో 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న వర్సిటీల్లో సీటు వచ్చినవారికే ఉండేది. వడ్డీ హరామ్ కదా అని బ్యాంకు రుణం వద్దనుకుని, చివరికి నూటికి మూడు రూపాయల చేబదులుకు దిగే ఇళ్లూ ఉన్నాయి. ఆ లెక్క మత పెద్దలతోనూ, బ్యాంకు మేనేజరుతోనూ ఇద్దరితోనూ ముందే మాట్లాడుకోవలసింది.

జరగరానిది జరిగితే ఏం చేయాలన్నది ఏ ఇంట్లోనూ మాట్లాడరు. అశుభమని. కానీ పోస్టుమార్టం, కాగితాలు, విమానం అంటూ రోజులు గడిచిపోతుంటే, తొందరగా ఖననం చేయాలన్న ఆచారం ఒకవైపు, ఆఖరిచూపు కావాలన్న తల్లి ఒకవైపు, నలిగిపోయేది తండ్రి. రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారత సామాజిక సంక్షేమ నిధి ఉంది. స్తోమత లేని కుటుంబాలకు మృతదేహాన్ని తీసుకురావడానికైనా, అక్కడే ఖననం చేయడానికైనా దానినుంచి సాయం అడగవచ్చు. 2015లో వచ్చిన ‘మదద్’ పోర్టల్‌లో విద్యార్థి ముందే పేరు నమోదు చేసుకోవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు ‘ఆపరేషన్ గంగ’లో సుమారు 22,500 మందిని తీసుకొచ్చారు, అందులో తెలుగు వైద్య విద్యార్థులు చాలామంది. ఎవరు ఏ ఊళ్లో, ఏ హాస్టల్లో ఉన్నారన్నది రాసిపెట్టి ఉంటే అలాంటి వేళ వెతుకులాట తగ్గుతుంది.

శంషాబాద్ బస్సు ఎక్కించే ముందు ఇంట్లో చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఒక తెల్ల కాగితం మీద పాస్‌పోర్టు నంబరు, హాస్టల్ చిరునామా, ఇద్దరు రూమ్మేట్ల ఫోన్లు, వాళ్ల అమ్మానాన్నల ఫోన్లు, రాయబార కార్యాలయం నంబరు, ఇన్సూరెన్సు కార్డు నంబరు రాసి, గోడమీద ఉర్దూ క్యాలెండరు పక్కన అతికించడం. దాదీకి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో.

రాత్రి తొమ్మిదిన్నరకు ప్రశ్న కూడా కాస్త మార్చవచ్చు. ‘తిన్నావా?’ అంటే ‘తిన్నా’ అని తప్పించుకుంటాడు. ‘ఈ రోజు ఏం వండుకున్నావ్ బేటా, గిన్నె చూపించు’ అంటే ఫోను వంటింటి వైపు తిప్పాల్సిందే.