మెడ బిళ్ల కోసే ముందు నోరు తెరిపించండి

మెడలో లేచిన బిళ్ల రెండు మూడు వారాలైనా కరగకపోతే దాని సంగతి తేల్చవలసిందే. వైద్య విద్యార్థికి ఇంతకు మించిన పరీక్ష లేదు. స్కానింగ్ గది దాకా వెళ్లకముందే రోగి వయసు, అలవాట్లు, బిళ్ల లేచిన చోటు చాలా సంగతులు చెబుతాయి.

పిల్లల్లో గొంతునొప్పో, తలలో కురుపో, పుచ్చుపన్నో కారణమవుతుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. యువతీయువకుల్లో అయితే మన దేశంలో ముందుగా తలచుకోవలసింది క్షయ. పాతకాలం వారు గండమాల అన్నది ఎక్కువగా దీన్నే. నలభై దాటి, చుట్టో బీడీయో గుట్కాయో అలవాటున్న మనిషికి గట్టి బిళ్ల కనిపిస్తే, కాదని తేలేదాకా క్యాన్సర్‌నే అనుమానించాలి.

విద్యార్థి రోగిని కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చేతుల వేళ్లతో గడ్డం కింద నుంచి చెవి వెనక్కి, అక్కడి నుంచి కాలర్ ఎముక పైదాకా తడమాలి. గుక్కెడు నీళ్లు మింగినప్పుడు పైకి లేస్తే అది థైరాయిడ్‌ది. నాలుక చాపినప్పుడూ లేస్తే పుట్టుకతో మిగిలిన తిత్తి కావచ్చు. క్షయ బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముదిరితే మెత్తబడి, చితికి, చీము కారతాయి. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) బిళ్లలు రబ్బరులా ఉంటాయి. వేరే చోటి నుంచి క్యాన్సర్ పాకినవి గట్టిపడి, కదలకుండా ఉంటాయి. ఎడమ కాలర్ ఎముక పైన దొరికితే పొట్ట వెతకాలి. జీర్ణాశయ క్యాన్సర్ అక్కడిదాకా పాకగలదని 19వ శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు విర్కో చెప్పాడు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. బిళ్ల మెడలో ఉన్నా మూలం నాలుక కిందో, టాన్సిల్‌లోనో, అంగిట్లోనో ఉండవచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలు ఉన్నారు. వాళ్ల అంగిలి చూడకుండా మెడ మీద కత్తి పెట్టడం అన్యాయం.

తర్వాతిది సన్నసూది పరీక్ష. తీసిన నమూనాలో కొంత సూక్ష్మదర్శిని కిందికి, కొంత క్షయ జన్యు పరీక్షకు వెళ్లాలి. సూది తేల్చకపోయినా, లింఫోమా అనుమానం ఉన్నా బిళ్లను పూర్తిగా తీసి చూడాలి. అంతకుముందే స్టెరాయిడ్లు ఇస్తే లింఫోమా బిళ్ల తాత్కాలికంగా కరిగి, అసలు జబ్బు దాక్కుంటుంది.

ఇన్ని చేసినా తికమకపెట్టే జబ్బులున్నాయి. 1972లో జపాన్‌లో కికుచి, ఫుజిమోటో విడివిడిగా గుర్తించిన జబ్బు అలాంటిదే. ఎక్కువగా యువతులకు వస్తుంది: జ్వరం, మెడలో నొప్పి బిళ్లలు, తెల్లకణాల తగ్గుదల. చూడ్డానికి క్షయలా, లింఫోమాలా ఉండి, సాధారణంగా కొన్ని నెలల్లో తనంతట తానే తగ్గిపోతుంది. బిళ్ల ముక్క పరీక్షించకుండా ఊహ మీద క్షయ మందులు మొదలుపెడితే, తగ్గిన ఘనత వాటికి పోతుంది. రోగి మాత్రం అక్కర్లేని మందులు ఆరు నెలలు మింగాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష ఉచితమే. పరీక్ష చేయకుండా మందు రాయడానికి ఖర్చు సాకు చెల్లదు.