నైలాన్ తుపాకీ చెప్పే పాఠం

ప్లాస్టిక్ అంటే మనకు చిన్నచూపు. ఫోన్ బాడీ ప్లాస్టిక్‌దైతే "చీప్‌గా ఉంది" అనేస్తాం. ప్రాజెక్టు రివ్యూలో మెటల్ పార్టు కనిపిస్తే సీరియస్ పని, ప్లాస్టిక్ పార్టు కనిపిస్తే బొమ్మ! ఈ లెక్క తప్పని చెప్పడానికి నేను పిలిచే సాక్షి ఒక పాత అమెరికన్ రైఫిల్. పేరు రెమింగ్టన్ నైలాన్ 66.

అది 1959లో మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో రైఫిల్ అంటే వాల్‌నట్ చెక్క, నల్లటి స్టీలు. చెక్కను మలచాలి, స్టీలును మెషినింగ్ చేయాలి, రెండూ ఒకదానికొకటి సరిగ్గా కూర్చునేలా చూడాలి. ఖర్చంతా అక్కడే. రెమింగ్టన్ అప్పుడు డ్యూపాంట్ చేతిలో ఉండేది. 1935లో వాలెస్ కరోదర్స్ నైలాన్ 66ను తయారుచేసింది ఆ డ్యూపాంట్‌లోనే. దాని రెండు మోనోమర్లలో ఆరేసి కార్బన్లు ఉంటాయి, అందుకే 66.

మరి తుపాకీ పేలితే ప్లాస్టిక్ పగిలిపోదా? అసలు విషయం ఇక్కడుంది. .22 రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగు అంచులో ఉంటుంది. పిన్ను దెబ్బకు ఆ అంచు నలగాలి కాబట్టి కేసు పల్చగా ఉండాలి, ఒత్తిడి తక్కువగా ఉండాలి. మన ఎన్‌సీసీ క్యాడెట్లు రేంజిలో పేల్చేది కూడా .22 తూటానే. ఇంత చిన్న తూటాకి బోల్టును లాక్ చేయక్కర్లేదు. ఖాళీ కేసు వెనక్కి తంతుంది, బోల్టు బరువు, స్ప్రింగు కలిసి దాన్ని నెమ్మదింపజేస్తాయి. బోల్టు వెనక్కెళ్లి కేసును బయటికి విసిరేసి, ముందుకొస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. దీన్నే బ్లోబ్యాక్ అంటారు.

అంటే పేలుడును మోసేది స్టీలు బ్యారెల్, స్టీలు బోల్టు. చుట్టూ ఉన్న బాడీ పని బోల్టుకు దారి ఇవ్వడమే. అక్కడ నైలాన్ పెట్టారు. రెండు సగాలుగా మౌల్డ్ చేసి అతికించారు. స్టాకు, రిసీవరు ఒకటే అయిపోయాయి. నైలాన్‌కి సహజంగానే జారుడు గుణం ఉంది కాబట్టి బోల్టు ఆయిల్ లేకుండానే కదులుతుంది. ఆయిల్ లేదు కాబట్టి దుమ్ము పట్టదు, చలికి గడ్డకట్టదు. చెక్కకు బదులు ప్లాస్టిక్ పెట్టారని అనుకుంటే పొరపాటు, ప్లాస్టిక్‌ను బట్టి డిజైనే మార్చారు.

అదే ఏడాది కంపెనీ ఉద్యోగి టామ్ ఫ్రై ఈ రైఫిళ్లతో, గాల్లోకి ఎగరేసిన చెక్క ముక్కలను లక్షకు పైగా కాల్చాడు. గురి తప్పినవి 6. తర్వాత అమ్ముడైన రైఫిళ్లు పది లక్షలు దాటాయి.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. దీన్ని విప్పి మళ్లీ బిగించడం పెద్ద తలనొప్పి. తయారీ సులువైతే రిపేరు సులువవ్వాలని లేదు. ఇంకో తమాషా ఏంటంటే, రిసీవర్ మీద స్టీలులా కనిపించేది నిజానికి పల్చటి రేకు కవరు. లోపల నైలాన్ అంత పనిచేస్తున్నా, బయటికి తుపాకీలా కనిపించాలంటే స్టీలు తొడుగు కావాల్సి వచ్చింది! చిన్నచూపు మనకొక్కరికే లేదన్నమాట.

ఆయుధాన్ని మెచ్చుకోవాలా అని అడగొచ్చు. తుపాకీని మెచ్చుకోనక్కర్లేదు, ఆలోచనను తీసుకుంటే చాలు. కేబుల్ టైలోనూ, చిన్న గేర్లలోనూ అదే నైలాన్ ఇవాళ మన ల్యాబులో ఉంది. ఈసారి రివ్యూలో "ఇది ప్లాస్టిక్కా?" అని ఎవరైనా అంటే తలదించుకోవద్దు. ఈ పార్టు మీద బలం ఎంత పడుతుంది, రాపిడి ఎంత, ఆయిల్ అవసరమా అన్నది లెక్క వేసి చూపిద్దాం. ఆ లెక్క లేకపోతే స్టీలు పెట్టినా అది బొమ్మే.